నార్త్ పోల్ ఐసుకీ మైపాడుకీ సంబంధం అది కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో గ్లేసియర్ల మీద, అదే కొండల్లో నిదానంగా కిందికి జారే మంచు నదుల మీద, సగం పేజీ వేశారు. చూడగానే సంతోషమేసింది, మామూలుగా ఆ చోట రాశిఫలాలో సినిమావాళ్ళ పెళ్ళిళ్ళో ఉంటాయి కాబట్టి. చదివేకొద్దీ మాత్రం ఒళ్ళు మండింది. నార్త్ పోల్ దగ్గర సముద్రంలో తేలే ఐసు కరిగితే మన నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం మునిగిపోతాయని పైన రాశారు, కింద బాక్సులో 2030 కల్లా మళ్ళీ మంచుయుగం వచ్చేస్తుందని రాశారు. రెండూ ఒకే పేజీలో. మునగాలా గడ్డకట్టాలా సార్ మేము, ఏదో ఒకటి తేల్చండి.

నేను అల్లూరు మండలంలో రొయ్యల గుంటలు చేసుకుంటా ఉండాను. డిగ్రీలో జియాలజీ చదివాను, ఉద్యోగం రాలా, గుంటల్లోకి దిగాను, అయినా చదివింది పూర్తిగా పోలేదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు ఆ తేలే ఐసు సంగతి. రొయ్యల పట్టుబడి రోజు టబ్బులో నీళ్ళు పోసి ఐసు వేస్తాం కదా, ఆ ఐసు ఆ నీళ్ళలోనే తేలతా కరిగిపోతే నీటి మట్టం పెరగదు, ఎందుకంటే తేలేటప్పుడే అది తన బరువుకి సరిపడా నీళ్ళని పక్కకి నెట్టేసింది. అదే టబ్బు మీద చెక్క అడ్డం పెట్టి దానిమీద ఐసు పెడితే కారే ప్రతి చుక్కా టబ్బులోకే వచ్చుద్ది, మట్టం పెరుగుద్ది. సముద్రం లెక్క కూడా ఇంతే. ఆర్కిటిక్ సముద్రం మీద తేలే ఐసు పోతే కింది నీళ్ళు ఎండ ఎక్కువ పీల్చుకుని భూమి వేడెక్కుద్ది, ఆ నష్టం చిన్నది కాదు, కానీ నీటి మట్టం విషయంలో దాని వాటా లెక్కలోకి రాదు. భయపడాల్సింది నేల మీద కూర్చున్న ఐసు గురించి. గ్రీన్‌లాండ్ ఐసు మొత్తం కరిగితే ప్రపంచం సముద్రాలన్నీ సగటున 7 మీటర్ల పైన లేస్తాయి, అంటార్కిటికాది మొత్తం పోతే సుమారు 58 మీటర్లు. మొత్తం కరగడానికి వేల ఏళ్ళు పడుతుంది లెండి, రేపే కాదు. ఇంకో విచిత్రం, గ్రీన్‌లాండ్ ఐసు అంత బరువైంది కాబట్టి చుట్టూ ఉండే సముద్రం నీళ్ళని తనవైపు గుంజి పట్టుకుని ఉంటది, ఆ ఐసు తగ్గేకొద్దీ ఆ గుంజుడు తగ్గి గ్రీన్‌లాండ్ పక్కన నీళ్ళు దిగిపోతాయి, ఆ నీళ్ళన్నీ మనలాగా దూరాన ఉండేవాళ్ళ తీరాలకి చేరతాయి. ఐసు ఎవరిదో, నీళ్ళు ఎవరికో. ఇట్టాంటిది రాస్తే జనం నోరు తెరుచుకుని చదివేవాళ్ళు కదా సార్, ఉత్తుత్తి భయం ఎందుకు?

ఇక మన తీరం సంగతి, అసలు నేను రాయాలనుకుంది ఇదే. మీ వ్యాసంలో మంచుయుగం అంటే కెనడా, స్విట్జర్లాండ్ బొమ్మలే వేశారు, మన జిల్లాకి ఏమీ సంబంధం లేనట్టు. సుమారు 20 వేల ఏళ్ళ కిందట కెనడా మీద 3 కిలోమీటర్ల మందాన ఐసు కూర్చుంది, స్కాండినేవియా మీద ఇంకోటి. ఆ ఐసు అంతా ఎక్కడి నుంచి వచ్చింది? సముద్రం నుంచే. సముద్రం ఆవిరై మంచుగా కురిసి కరక్కుండా అక్కడే పేరుకుపోతే సముద్రంలో ఆ మేరకు తగ్గాల్సిందే కదా, అట్టా ప్రపంచమంతా సముద్రం సుమారు 120 మీటర్లు దిగిపోయింది, అంటే 400 అడుగులు. అప్పుడు మైపాడులో నిలబడితే అల కనపడదు, తూర్పుకి గంటల తరబడి నడిస్తే గానీ రేవు రాదు. ఇప్పుడు మన మరబోట్లు వలలు లాగే చోట చానా మేర అప్పట్లో ఎండు నేల. రామేశ్వరం నుంచి శ్రీలంకకి కాలినడకన పోవచ్చు, ఆ మధ్య సముద్రం అంత లోతు లేనిది కాబట్టి. నైరుతి వానలు కూడా ఇప్పటికంటే బలహీనంగా ఉండేవి. గుండ్లకమ్మ లోయలో దొరికే పాతరాతి యుగం పనిముట్లు చేసిన జనం ఇట్టాంటి చలికాలాలు, వెచ్చటి కాలాలు మార్చి మార్చి చూసినవాళ్ళే, కాకపోతే వాళ్ళు ఐసు చూళ్ళేదు, వానల్లో తేడా చూశారు.

తర్వాత ఐసు కరగడం మొదలైంది. నిదానంగా ఏం కాదు. సుమారు 14,600 ఏళ్ళ కిందట ఒక విడత, ఐదొందల ఏళ్ళు కూడా పట్టకుండా సముద్రం సుమారు 15 మీటర్లు లేచింది. అంటే ఒక మనిషి పుట్టి పిల్లల్ని కని వాళ్ళకి పెళ్ళిళ్ళు చేసేలోపు మీటరు. ఒడ్డున గుడిసె వేసుకున్నోడు ఎన్నిసార్లు వెనక్కి జరిగి ఉంటాడో. ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుందంటే ఇంతేనా అనిపిస్తుంది, కానీ అప్పుడు ఒడ్డున పోర్టులు లేవు, ఆక్వా లేదు, కరెంటు స్తంభాలు లేవు, జనం మూటాముల్లె సర్దుకుని లేచిపోయేవాళ్ళు.

6, 7 వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి మట్టం దగ్గరికి వచ్చి ఆగింది, మన తూర్పు తీరంలో కొన్ని చోట్ల కొంచెం లోపలిదాకా కూడా వచ్చింది. పులికాట్ సరస్సు అప్పుడు పుట్టిందే. లోపలికి వచ్చిన సముద్రానికి అడ్డంగా అలలు ఇసుక పోసుకుంటా పోసుకుంటా కట్ట కట్టేశాయి, కట్టకి ఇవతల మిగిలిన ఉప్పునీళ్ళలోకి స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నీళ్ళు కలిసి సరస్సు అయింది, ఆ ఇసుక కట్ట మీదే ఈరోజు శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేస్తా ఉండారు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకి పోయింది గానీ మాకు ఇంకా అది మన పులికాటే. ఫ్లెమింగో పండగకి జనాన్ని బస్సుల్లో తోలుకొస్తారు, పక్షి గురించి మైకులో గంట చెప్తారు, ఆ పక్షి నిలబడ్డ నీళ్ళు అక్కడికి ఎట్టా వచ్చాయో ఒక్క ముక్క చెప్పరు.

మా వైపు గుంట తవ్వేటప్పుడు పొక్లెయిన్ తొట్టిలో నల్ల బంకమట్టితో పాటు గవ్వలు, ఆల్చిప్పలు వచ్చి పడతాయి. సముద్రమేమో ఎక్కడో ఉంది. ఊళ్ళో పెద్దోళ్ళు సముద్రం వెనక్కి పోయిందంటారు. అది నిజమే, కాకపోతే అంతా ఐసు మహిమే అని నేననను, సముద్రం ఆగాక పెన్న వరదలు తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక కూడా నేలని తూర్పుకి తోసింది. కొన్ని చోట్ల సముద్రానికి ఇంత దూరంలో బోరు వేసినా ఉప్పునీళ్ళు పడతాయే, దానికి ఈ పాత సముద్రం బంకమట్టిలో వదిలిపోయిన ఉప్పు ఒక కారణం. అతిగా తోడేయడం ఇంకో కారణం, దానికి వేరే ఉత్తరం రాయాలి.

2030 మంచుయుగం గురించి ఏం చెప్పమంటారు. ఎవరో యూట్యూబ్‌లో సూర్యుడు చల్లబడతా ఉండాడని వదిలిన వీడియో చూసి రాసినట్టుంది. మంచుయుగాలు వచ్చిపోయే లెక్క మొదట గట్టిగా పట్టుకున్నోళ్ళలో ఒకాయన జేమ్స్ క్రోల్, గ్లాస్గోలో ఒక కాలేజీ మ్యూజియంలో కాపలా పని చేసుకుంటా అక్కడి పుస్తకాలు చదివి భూమి కక్ష్య మారడమే కారణమన్నాడు, 1864లో. తర్వాత సెర్బియా ఆయన మిలంకోవిచ్, కంప్యూటర్లు లేని రోజుల్లో కాగితం మీద లెక్కలు కట్టాడు. భూమి కక్ష్య సాగడం కుదించుకోవడం లక్ష ఏళ్ళకొకసారి, భూమి వంపు 22 డిగ్రీల దగ్గర నుంచి 24 డిగ్రీల పైదాకా పోయి రావడం 41 వేల ఏళ్ళకొకసారి, బొంగరం తల తిప్పినట్టు ఇరుసు తిరగడం ఇంకోటి, ఇవన్నీ కలిసి ఉత్తరాన ఎండాకాలంలో పడే ఎండ తగ్గితే పోయిన చలికాలం మంచు కరక్కుండా మిగులుద్ది, దానిమీద ఇంకో ఏడాది మంచు పడుద్ది. అసలు కిటుకు చలికాలంలో లేదు, ఎండాకాలం చాలకపోవడంలో ఉంది. 1976లో ఈ లెక్క సరైందేనని తేలింది, ఎక్కడి బురద చూసి తేల్చారనుకున్నారు, మన హిందూ మహాసముద్రం దక్షిణం కొసన అడుగున తోడిన బురదే. ఆ లెక్క ప్రకారం, పైగా ఇప్పుడు గాల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్‌తో, ఇంకో 50 వేల ఏళ్ళ దాకా మంచుయుగం రాకపోవచ్చని పరిశోధకుల అంచనా. అంటార్కిటికా ఐసులో చిక్కిన గాలి బుడగలు చూస్తే 8 లక్షల ఏళ్ళలో ఆ కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళ గాలిలో 300 పాళ్ళు దాటలేదు, ఇప్పుడు 420 దాటేసింది. స్వెట్టర్లు కొనుక్కోమని జనానికి చెప్పొద్దు సార్.

ఇంకోటి, మన దేశం కూడా ఐసు కింద పడుకున్నదే, ఇప్పుడు కాదు, సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట, ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అతుక్కుని దక్షిణ ధ్రువం వైపు ఉన్నప్పుడు. ఒడిశాలో తాల్చేరు దగ్గర 1856లో ఆ ఐసు వదిలిన రాళ్ళ గుట్టలు గుర్తించారు, బండరాళ్ళు, గులకరాళ్ళు, సన్నమట్టి అన్నీ కలిసిపోయి. నీళ్ళైతే పెద్దరాయి ఒకచోట చిన్నరాయి ఒకచోట జల్లించినట్టు వదులుద్ది, ఐసుకి ఆ తేడా లేదు, దొరికింది దొరికినట్టు మోసుకెళ్ళి కరిగిన చోట పడేసుద్ది. మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా ఇరాయి దగ్గర పెన్‌గంగ ఒడ్డున ఐసు గీకిన గీతలు రాతి మీద ఇప్పటికీ ఉండాయి. ఆదిలాబాద్ నుంచి ఎంతో దూరం లేదు. ఆల్ప్స్‌లో కూడా ఈ గీతలే పట్టించాయి, ఆ గీతల్నీ లోయలో అడ్డదిడ్డంగా పడున్న పెద్ద పెద్ద బండల్నీ చూసి ఒకప్పుడు గ్లేసియర్ ఇంత కిందిదాకా వచ్చిందని ముందుగా అన్నోళ్ళలో ఒకాయన పెరోడాన్ అని కొండమేకల్ని వేటాడే మామూలు మనిషి, పేరు వచ్చింది మాత్రం 1837లో సభలో నిలబడి మాట్లాడిన శాస్త్రవేత్త అగస్సీకి. ఎప్పుడూ ఉండేదేగా.

గ్లేసియర్ చేసే పనుల్లో యూ ఆకారం లోయలు, నార్వేలో సముద్రం చొరబడ్డ ఫియర్డు లోయలు, అమెరికా గ్రేట్ లేక్స్ మీరు రాశారు, బాగుంది. మొరైన్ ఒక్కటి వదిలేశారు, మనవాళ్ళ ప్రాణాలతో ముడిపడింది అదే. గ్లేసియర్ మోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ దాని ముందర, పక్కల గట్టులా పోగవుతాయి, అదే మొరైన్, గ్లేసియర్ వెనక్కి తగ్గాక ఆ గట్టు వెనకాల నీళ్ళు నిలుస్తాయి. ఆ గట్టుని ఎవరూ కట్టలేదు, రోలర్ తొక్కలేదు, లోపల ఐసు ముక్కలు కూడా ఉంటాయి. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన చోరాబరి దగ్గర తెగింది అట్టాంటి గట్టే, విపరీతమైన వాన, మంచు కరిగిన నీళ్ళు కలిసి వచ్చి. మన వైపు నుంచి చార్‌ధామ్ పోయినోళ్ళు ఎంతమంది చిక్కుకున్నారో ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్నోళ్ళకి తెలుసు. 2023 అక్టోబర్‌లో సిక్కింలో సౌత్ ల్హోనక్ సరస్సులోకి పక్క మొరైన్ విరిగిపడితే నీళ్ళు గట్టు తెంచుకుని దిగి చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా డ్యామ్‌నే కొట్టుకుపోయాయి. గ్లేసియర్లు వెనక్కి తగ్గేకొద్దీ ఇట్టాంటి సరస్సులు పెరుగుతాయి. ప్రతి ఎండాకాలం నెల్లూరు, ఒంగోలు నుంచి ట్రావెల్స్ బస్సులు యాత్రకి పోతానే ఉంటాయి, యాత్ర స్పెషల్ అని మీరు పేజీలు వేస్తారు, హోటళ్ళు, గుర్రాలు, హెలికాప్టర్ రేట్లు అన్నీ ఉంటాయి, ఈ గట్ల గురించి ఒక పేరా వేస్తే ఏమవుద్ది?

నేను అడిగేది పెద్దదేం కాదు. తప్పులు రెండూ సరిచేసి చిన్నదైనా సవరణ వేయండి. ఫ్లెమింగో పండగ వచ్చేలోపు పులికాట్ ఎట్టా పుట్టిందో ఒక మంచి వ్యాసం రాయించండి, యూనివర్సిటీల్లో జియాలజీ చెప్పేవాళ్ళు ఉండారు, అడిగితే కాదనరు. ఫొటోలు కావాలంటే మా గుంటల దగ్గరికి మీ ఫొటోగ్రాఫర్‌ని పంపండి, వచ్చే నెల ఇంకో గుంట తవ్విస్తా ఉండాను, గవ్వలు తీసి పక్కన పెట్టమని పొక్లెయిన్ అబ్బాయికి ఇప్పుడే చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా