స్వెండ్ ఫోయిన్ ఒక్కడి ధనాశేనా కారణం?

సంపాదకులకు,

నీలి తిమింగలాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే వేటకు బలై ఆ జాతికి పట్టిన దుర్గతికి నార్వే తిమింగల వేట వ్యాపారి స్వెండ్ ఫోయిన్ ధనాశే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు సబబుగా తోచలేదు. ఆయన జీవితాన్ని కాస్త నిదానంగా పరిశీలిస్తే నేరంలో వాటా ఉన్నవాళ్లు ఇంకా కనిపిస్తారు.

1809లో టాన్స్‌బెర్గ్ రేవుపట్టణంలో పుట్టిన ఫోయిన్, చిన్నతనంలోనే తండ్రిని సముద్రానికి పోగొట్టుకుని, నావికుడిగా ఎదిగి, ఆర్కిటిక్ మంచు ప్రాంతంలో సీల్ వేటతో కూడబెట్టిన సొమ్మును తిమింగలాల మీద ప్రయోగాలకు ధారపోశారు. అప్పటిదాకా నీలి తిమింగలం తెడ్ల పడవల వేగానికి అందేది కాదు. అందినా, చచ్చాక మునిగిపోయేది. 1863లో ఆయన ‘స్పెస్ ఎట్ ఫిదెస్’ అనే ఆవిరి ఓడ కట్టించి, తర్వాతి ఏళ్లలో దాని ముందుభాగంలో అమర్చిన ఫిరంగి నుంచి పేలుడు ఈటెను వదిలే పద్ధతిని సాధించారు. ఈటె ఒంట్లో దిగి తాడు బిగుసుకోగానే దాని కొక్కేలు విచ్చుకునేవి, ఆ విసురుకు లోపలి గాజు గొట్టం పగిలేది, అందులోని గంధకామ్లం తగిలి మందుగుండు పేలేది. ఈ వర్ణన చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

ఇంత చేసిన మనిషి పరమ దైవభక్తుడు. పనివాళ్లకు ఇళ్లు కట్టించారు. సంతానం లేని ఆయన ఆస్తి చివరకు క్రైస్తవ మత ప్రచారానికి చేరింది. తిమింగలాలను దేవుడు మనిషి మేలు కోసమే సృష్టించాడని మనసారా నమ్మినవాడికి ‘ఇక చాలు’ అనే హద్దు లోపలి నుంచి పుట్టదు. ఆ హద్దు గీయవలసింది ప్రభుత్వం. నార్వే ప్రభుత్వం మాత్రం 1870లో ఆయన ఈటెకు పేటెంటు ఇచ్చి, 1873లో ఆయన పద్ధతిలో వేటాడే గుత్తహక్కును కూడా ఆయనకే కట్టబెట్టింది. 1882లో ఆ హక్కు ముగియగానే మరెన్నో కంపెనీలు నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్ తీరం మీద పడ్డాయి.

మీ వ్యాసంలో అసలే కనిపించని వాళ్లు అక్కడి జాలర్లు. కాడ్ చేపలను తీరానికి తరిమి తెచ్చేవి తిమింగలాలేనని, వాటిని చంపితే తమ కడుపు కొట్టినట్టేనని వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఆ కారణాన్ని శాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోయినా, సముద్రం ఖాళీ అవుతోందన్న వాళ్ల భయం మాత్రం అబద్ధం కాదు. ఫోయిన్ 1894లో మరణించారు. 1903లో ఫిన్‌మార్క్‌లోని మెహమ్న్ గ్రామంలో జాలర్లు తిరగబడి అక్కడి తిమింగలాల కర్మాగారాన్ని నేలమట్టం చేశాకే, 1904లో ఉత్తర తీరంలో వేటను నిషేధించారు. సరిగ్గా అదే ఏడాది నార్వే కెప్టెన్ కార్ల్ అంటోన్ లార్సెన్ అంటార్కిటిక్ వైపున్న దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్వికెన్ అనే తిమింగల వేట కేంద్రాన్ని తెరిచారు. 1930-31 వేట కాలంలో ఒక్క అంటార్కిటిక్ జలాల్లోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాలు బలయ్యాయి. వ్యాపార వేటపై అంతర్జాతీయ విరామం 1986లో గాని అమలుకు రాలేదు.

ఫోయిన్‌ను నిర్దోషి అనడం నా ఉద్దేశం కాదు. ఆయన పేరు పక్కన ఆ గుత్తహక్కు ఇచ్చిన ప్రభుత్వాన్నీ, ఆ వేటను ఎదిరించిన మెహమ్న్ జాలర్లనూ కూడా ప్రస్తావిస్తూ ఆ వ్యాసానికి ఒక అనుబంధం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాకినాడ