పండక్కి వచ్చేలోపు చదవాల్సిన ఉత్తరం

చిరంజీవి అబ్బాయిని అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఆదివారం నువ్వు హాస్టలు నుంచి మాట్లాడే ఆ పది నిమిషాలూ నీ వెనక మరో నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉంటారని నాకు తెలుసు. అందుకే ఫోనులో అడగలేని సంగతిని ఇలా కాగితం మీద పెడుతున్నాను. చదివాక దాచుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం.

దసరా సెలవులకు వచ్చి వెళ్లిన మర్నాడు నీ బూడిదరంగు ప్యాంటు నానబెట్టబోతూ జేబులు తిరగేశాను. లోపలి చిన్న జేబులో నాలుగు మడతలు పెట్టిన ఒక ఖాళీ పొట్లం దొరికింది. దాని అంచు పళ్లతో చింపినట్టుంది. మడతల్లో గోధుమరంగు పొడి ఇంకా అంటుకునే ఉంది. అది పొగాకు కలుపుకుని నమిలే పాన్ మసాలా అని వాసన చూడకుండానే తెలిసింది, ఎందుకంటే ఏఎన్‌ఎం నర్సుగా నేను తిరిగే ఇళ్ల గుమ్మాల పక్కన అలాంటివి రోజూ చూస్తూనే ఉంటాను. మీ నాన్నగారికి చెప్పలేదు. రెండున్నర నెలలు నాలోనే ఉంచుకున్నాను. కోపం చల్లారాక రాయాలనుకోవడం ఒక కారణమైతే, ఇందులో నా వాటా ఎంతో తేల్చుకోవాలనుకోవడం మరో కారణం.

నా వాటా చిన్నదేమీ కాదు. మన కోనసీమలో మర్యాద అంటే ఎదుటివాళ్లు పెట్టినదాన్ని కాదనకపోవడమే. నీకు ఐదేళ్లప్పుడు అత్తయ్య వాళ్లింట్లో రెండో పూతరేకు వద్దన్నావని పక్కగదిలోకి తీసుకెళ్లి చెవి మెలిపెట్టింది నేనే. పెట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుందని చెప్పిందీ నేనే. ఆ పాఠం నీకు బాగా వంటబట్టింది. అందులో సగం వెనక్కి తీసుకోవడానికే ఈ ఉత్తరం. మొహమాటానికి పోవడం గురించి మన పెద్దవాళ్ల సామెత ఒకటుంది, దాని రెండో సగం తల్లి కొడుక్కి రాసేది కాదు కానీ, చెప్పినవాళ్లకు మాత్రం లోకం బాగా తెలుసు.

గోడల మీద అంటించే పోస్టర్లలో మత్తు అలవాటు చేసేవాడు ఎప్పుడూ ఒక పరాయి మనిషిలా ఉంటాడు. నేను చూసినంతలో అలాంటివాడు ఒక్కడూ లేడు. మొదటి పొట్లం చేతిలో పెట్టింది పక్క మంచం స్నేహితుడు, మొదటి గ్లాసు అందించింది పండక్కి వచ్చిన మేనమామ, లైసెన్సు లేని పిల్లవాడికి బండి తాళం విసిరింది పెదనాన్న కొడుకు. అందరూ ప్రేమగానే ఇచ్చారు, అందుకే వద్దనడం కష్టమైంది. కిశోర వయసు పిల్లల గురించి మాకిచ్చిన శిక్షణలో, 2005లో వెలువడిన ఒక పరిశోధన గురించి చెప్పారు. కంప్యూటరులో కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు పక్కన ఉన్నప్పుడు మీ వయసు పిల్లలు ఎక్కువ ప్రమాదకరంగా ఆడారట. ఇరవై నాలుగేళ్లు దాటినవాళ్లలో ఆ తేడా కనబడలేదట. ఆగి ఆలోచింపజేసే మెదడు ముందుభాగం ఇరవై ఐదేళ్ల దగ్గరదాకా ఎదుగుతూనే ఉంటుంది కనుక, ఇది నీ తెలివికి సంబంధించిన విషయం కాదు. పొగాకు చెడ్డదని నీకు తెలియదని నేనెప్పుడూ అనుకోలేదు.

బహుశా నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టి ఉంటావు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, తెల్లవారుజామున నాలుగున్నరకు గంట. మీ హాస్టలు గోడ మీద ఆ పట్టిక చూసినప్పుడే నా గుండె కలుక్కుమంది. నీ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నేను ఊరంతా తిరిగి చెప్తూ, నా కొడుకును మాత్రం ఐదున్నర గంటల నిద్రకు ఫీజు కట్టి చేర్పించాను. ఈ విషయంలో నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పండగ తరువాత నేనే వచ్చి వార్డెనుతో మాట్లాడతాను.

కానీ ఆ పొట్లంలో ఉన్నది నిద్ర ఆపే మందు కాదు. పాన్ మసాలాను, పొగాకును వేరు వేరు పొట్లాలుగా అమ్ముతారు, కొనుక్కున్నవాడు కలుపుకుంటాడు. పొగాకు కలపకపోయినా అందులోని వక్క ఒక్కటే చాలు, బుగ్గల లోపలి మెత్తటి పొర నార కట్టి బిగుసుకుపోవడానికి. వక్క క్యాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నిరుడు మా క్లినిక్కుకు వచ్చిన, కొబ్బరికాయలు దింపే పని చేసుకునే ఇరవై రెండేళ్ల కుర్రాడు వాళ్లమ్మ పక్కన కూర్చుని అన్నం తినడం నేను చూశాను. ముద్దను నోట్లో పెట్టుకోలేక, వేళ్లతో చిదిపి, పెదవి మూల నుంచి లోపలికి తోసుకుంటున్నాడు. మొదట కారం తగిలితే నోరు మండేదట, పుండు అనుకున్నారట. అలా బిగుసుకున్న నోరు మానేసినంత మాత్రాన మామూలుగా అయిపోదు, మానేస్తే మరింత ముదరకుండా ఉంటుందని మాత్రం ఆశపడవచ్చు. అద్దం ముందు నిలబడి, నీ మూడు వేళ్లను నిలువుగా చేర్చి పళ్ల మధ్య పెట్టి చూసుకో. పడితే సరి. పట్టకపోయినా, కారానికి నోరు మండుతున్నా దాచకు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళదాం.

పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదని, విద్యాసంస్థలకు వంద గజాల లోపల అసలే అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. చట్టమూ ఉంది, గేటు ఎదురుగా కొట్టూ ఉంది. అలవాటైపోయి ఉంటే మానిన మొదటి వారం చిరాకు, తలనొప్పి, చదువు మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. ఆ తరువాత క్రమంగా తగ్గుతాయి. పొగాకు మానిపించే ఉచిత ఫోను నంబరు 1800-11-2356.

మొహమాటం జబ్బుల దగ్గర ఇంకా ప్రమాదం. పదహారేళ్లప్పుడు నేను పిన్ని వాళ్లింట్లో ఉండి చదువుకునేదాన్ని. నెలసరిలో విపరీతంగా రక్తం పోతున్నా పరాయి ఇంట్లో ఎలా చెప్పాలని ఏడు నెలలు దాచాను. చివరికి నూతి దగ్గర బిందె ఎత్తుతూ పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. హిమోగ్లోబిను ఆరు గ్రాములు. ఆడపిల్లకు పన్నెండు ఉండాలి. నాకు ఎక్కించిన రక్తం ఎవరిదో ఇప్పటికీ తెలియదు, ఆయనకో ఆమెకో రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మగపిల్లలకూ ఇలాంటి సిగ్గు ఉంటుంది కనుక తల్లిగా కాక నర్సుగా ఒక మాట రాస్తున్నాను. ఎప్పుడైనా వృషణంలో ఒక పక్క హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే, వాంతి వచ్చినట్టు ఉంటే, తెల్లారేదాకా ఓర్చుకోకూడదు. అక్కడికి రక్తం తెచ్చే నాళం మెలిపడి ఉండవచ్చు, నీ వయసులోనే అది ఎక్కువగా జరుగుతుంది. ఆరు గంటలలోపు ఆపరేషను చేస్తే దాదాపుగా దక్కుతుంది, ఆలస్యమైనకొద్దీ ఆ వృషణాన్ని తీసేయాల్సి వచ్చే అవకాశం పెరుగుతుంది. అర్ధరాత్రి అయినా వార్డెనును లేపు, పేరు పెట్టి చెప్పడానికి సిగ్గయితే ఈ పేరా చూపించు. ఒంటికే కాదు, మనసుకు బరువనిపించినా అంతే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు పడవు. నాకు చెప్పలేనిది వాళ్లకు చెప్పినా నేను నొచ్చుకోను.

ఇక పండగ. నిరుడు కనుమనాడు పెదనాన్న కొడుకు బండి మీద కాలువ గట్టున నువ్వు వెళ్లడం నేను డాబా మీద నుంచి చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. పిట్టగోడ లేని ఆ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకోవడానికి ఉన్నది నీళ్లే. 2019లో సవరించిన చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాడు బండి నడిపి పట్టుబడితే బండి యజమానికో తల్లిదండ్రులకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అన్నయ్య తాళం ఇవ్వబోతే ఈ మాట చెప్పు, జైలు అన్న మాటకు వాడే వెనక్కి తీసుకుంటాడు. కోడిపందేల బరుల దగ్గర మామయ్యలెవరైనా గ్లాసు అందిస్తే నీతులు చెప్పకు, కొట్లాటలు వస్తాయి. "మా అమ్మ నర్సు, గుమ్మంలోనే వాసన పట్టేస్తుంది, నా తోలు తీస్తుంది" అను. నన్ను రాక్షసిని చేసి చెప్పు, ఆ పేరు నాకు ఫరవాలేదు. నవ్వుతారు, గ్లాసు మరొకరికి వెళ్తుంది.

అన్నీ వద్దంటున్నాననుకోకు. జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద మోసుకెళ్లే గంగలకుర్రు ప్రభ వెంట కౌశిక కాలువలో దిగాలని నీకు ఉందని నాన్నగారు చెప్పారు. పది మంది భుజాలు, ముందూ వెనకా పెద్దవాళ్లు, పగటి వెలుగు ఉన్న చోటికి వెళ్లొద్దని నేను అనను. ఈత వచ్చుగదా అని ఎవడో పందెం కాస్తే ఒంటరిగా కాలువలో దూకడం వేరు.

సున్నుండలు స్టీలు డబ్బాలో పంపుతున్నాను, వచ్చేటప్పుడు డబ్బా మరిచిపోకు. పొట్లం సంగతి నాన్నగారికి నువ్వే చెప్తావో, నేను చెప్పాలో వచ్చాక చెప్పు. భోగికి ముందురోజు రావులపాలెంలో దిగగానే ఎవరిదైనా ఫోను అడిగి చెయ్యి. నాన్నగారు బండి మీద వస్తారు. నీకోసం రెండో హెల్మెటు కొన్నాం, కొలత సరిపోకపోతే మార్చుకోవచ్చని కొట్టువాడు చెప్పాడు.

ఇట్లు,
అమ్మ