కలెక్టర్ గారూ, మా వీధిని పగలు కాదు, రాత్రి చూడండి

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా వీధిలో నిలిపే రొయ్యల బండ్ల గురించి ఇది నా ఆరో అర్జీ. మొదటి ఐదూ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, సోమవారాల్లో వరుసలో నిలబడి ఇచ్చాను. ఐదింటికీ రసీదులు ఉన్నాయి. ఐదింటికీ నా ఫోన్‌కు ఒకే మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. వచ్చిన ప్రతిసారీ సాయంత్రం గేటు తీసి బయటికి చూశాను. బండ్లు అక్కడే ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎక్కడైనా మాట గట్టిగా పడితే మన్నించండి.

మాది నెల్లూరు మినీ బైపాస్‌కు లోపలివైపు ఉన్న ఒక కాలనీ. మా ఎదురింటాయనది రొయ్యల వ్యాపారం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, అయితే సరుకు కొని రొయ్యలు శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంట్లకు తోలతాడు. మొదట్లో ఒక్క పికప్ బండి ఉండేది. దాన్ని ఇంటి ముందు పెట్టుకుంటే ఎవరం నోరెత్తలేదు. కష్టపడి పైకొస్తున్న పిల్లవాడని సంతోషించాం కూడా. ఇప్పుడు రెండు కంటైనర్లు, మూడు పికప్‌లు, పేర్చిన ట్రేలు, ఐసు పెట్టెలు. ఇవన్నీ ఉండేది ఆయన స్థలంలో కాదు, మా అందరి రోడ్డు మీద.

నేను 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. బండి అంటే నాకు పడకపోవడం అనేది ఉండదు. ఆ బండ్లు నడిపే కుర్రాళ్ల మీద అసలే కోపం లేదు. రాత్రి డ్యూటీ చేసినవాడి కళ్ల మంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ డ్యూటీ దిగాక బస్సును డిపోలో పెట్టి ఇంటికి నడిచి వచ్చేవాళ్లం. ఒక్కనాడు కూడా బస్సు తెచ్చి మా వీధిలో పెట్టలేదు. పెడితే పక్కింటివాళ్లు ఊరుకునేవాళ్లు కాదు, డిపో మేనేజరూ ఊరుకునేవాడు కాదు.

టేపు పట్టుకుని నేనే కొలిచాను. లేఅవుట్ కాగితం ప్రకారం మా రోడ్డు 30 అడుగులు. రెండు పక్కలా కాలువలు, ఇళ్ల ముందు ర్యాంపులకు మూడేసి అడుగులు పోతే 24. కంటైనర్ వెడల్పు 8 అడుగులు. దానికి ఎదురుగా మా గోడ పక్కన పికప్, 6 అడుగులు. ఇక మిగిలింది 10. అందులో ట్రేలు పేర్చడానికి 3 అడుగులు. చివరికి మనుషులకు, బండ్లకు కలిపి మిగిలింది 7 అడుగులు. అద్దాలతో కలిపి అంబులెన్సును ఆ సందులో దూర్చాలంటే 31 ఏళ్లు స్టీరింగ్ పట్టిన నాకే చేతులు రావు.

అంబులెన్సు మాట ఊరికే అనడం లేదండీ. నిరుడు కార్తీక మాసంలో ఒక రాత్రి, బయట జోరున వాన. రాత్రి 9.40కి మా అమ్మ బాత్రూమ్ దగ్గర జారి పడింది. ఆమెకు 82 ఏళ్లు. తుంటి దగ్గర ఎముక విరిగిందని చూడగానే తెలిసింది, కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. కదిలిస్తే అరుస్తోంది. 108కి ఫోన్ చేశాను. వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు, త్వరగానే వచ్చారు. వచ్చి వీధి మొదట్లో ఆగిపోయారు. పైలట్, అంటే అంబులెన్సు డ్రైవర్, దిగి వచ్చి టార్చి వేసి చూసి, "సార్, ఇందులోకి బండి రాదు" అన్నాడు.

నేను పరుగెత్తి ఎదురింటి తలుపు కొట్టాను. ఆయన లుంగీతోనే వచ్చాడు. పాపం కంగారు పడ్డాడు. "కంటైనర్ తాళాలు డ్రైవర్ దగ్గరున్నాయి మామా, వాడు ఊరికి పోయినాడు, 1 గంటకు గానీ రాడు" అన్నాడు. పికప్‌లలో ఒకదాని తాళం దొరికింది, ఇంకోదానిది దొరకలేదు. ఆయన, నేను, మా పక్కింటి కుర్రాడు కలిసి వానలో ట్రేలు పక్కకు లాగాం. వాటి కింద రొయ్యల నీళ్లు, వాన నీళ్లు కలిసి నేలంతా జారుడు. మేం లాగుతున్నంతసేపూ లోపలి నుంచి అమ్మ మూలుగు వినపడుతూనే ఉంది.

చివరికి అంబులెన్సు రాలేదు, స్ట్రెచరే వచ్చింది. ఇద్దరు ముందు, ఇద్దరం వెనక పట్టుకుని మా గేటు నుంచి వీధి చివరిదాకా మోశాం. నేను లెక్కపెట్టాను, 140 అడుగులు వేశాం. కంటైనర్ పక్కన సందు బిగుతుగా ఉన్నచోట స్ట్రెచర్‌ను కొంచెం వంచాల్సి వచ్చింది. వంచినప్పుడు అమ్మ నా చొక్కా పట్టుకుని, "నాయనా, నన్ను ఇక్కడే దింపేయండి, నొప్పి నావల్ల కాదు" అంది. వాన మొహం మీద పడకుండా మా ఆవిడ పక్కనే గొడుగు పట్టుకుని నడిచింది, ఆమె కాలు కూడా జారింది. ఇంటి ముందుకు వచ్చి ఎక్కించుకోవాల్సిన మనిషిని వీధి చివరికి చేర్చేసరికి దాదాపు 25 నిమిషాలు పట్టింది. ఎముక విరిగింది కాబట్టి సరిపోయింది. అదే గుండెపోటైతే? ఈ ప్రశ్న ఆ రాత్రి నుంచి నన్ను వదల్లేదు.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లో నాలుగడుగులు వేస్తుంది. కిటికీ దగ్గర కూర్చుని, "బండ్లు తీయించారా అబ్బయ్యా?" అని అడుగుతుంది. ఐదు అర్జీలు పెట్టినవాణ్ణి, ఆమెకు ఏం చెప్పను?

అసలు అర్జీలు ఎలా ముగిసిపోయాయో మీరు తెలుసుకోవాలి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే. పట్టుబడులు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున చల్లదనంలో జరుగుతాయి. మా వీధి బండ్లు రాత్రి 1 గంటకు గుంటల దగ్గరికి కదులుతాయి. పొద్దున సరుకు ప్లాంటుకు దింపి, మధ్యాహ్నం 3 గంటలకు తిరిగొస్తాయి. అప్పటి నుంచి మళ్లీ రాత్రి 1 దాకా మా ఇళ్ల ముందే. నా అర్జీ మీద విచారణకు వచ్చిన సిబ్బంది ఎప్పుడొచ్చారు? పొద్దున 11 గంటలకు. వీధి ఖాళీగా కనిపించింది. ఫోటో తీసుకుని, వాహనాలు లేవని రాసుకుని వెళ్లిపోయారు. రెండోసారీ 11 గంటలే. మూడోసారి నేను చేతులు పట్టుకుని బతిమాలాను, "సార్, సాయంత్రం ఒక్కసారి రండి, కాఫీ తాగి చూసి వెళ్లండి" అని. "మా పని వేళలు 5 వరకేనండీ" అన్నారు. 3 నుంచి 5 మధ్య వచ్చినా బండ్లు కనిపించేవి. అప్పుడూ రాలేదు. నాలుగోది ఇంకో కార్యాలయానికి పంపారు. వాళ్లు ఇది మా పరిధి కాదని తిప్పి పంపారు. ఐదోదానికి ఎవరూ రాలేదు, మెసేజ్ మాత్రం వచ్చింది.

అర్జీ పెట్టింది నేనేనని ఎదురింటాయనకు తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంతకుముందు పండగకు మా ఇంటికి సరుకు పంపేవాడు, వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో నేనే దగ్గరుండి వడ్డన చూశాను. ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుని పోతున్నాడు. చుట్టుపక్కల వాళ్లు నా దగ్గర నిజమే అంటారు, సంతకం అడిగితే రేపు చూద్దాం అంటారు. వాళ్లను తప్పుపట్టను. రోజూ మొహాలు చూసుకునే మనుషుల మధ్య గొడవ ఎవరు కోరుకుంటారు? అధికారి వచ్చి చట్టం ప్రకారం చెప్పాల్సిన మాటను ఇరుగుపొరుగు నోటితో చెప్పించాలని చూస్తే ఇలాగే అవుతుంది.

మిగతా ఇబ్బందులు క్లుప్తంగా చెప్తాను. తిరిగొచ్చిన కంటైనర్లను వీధిలోనే పైపు పెట్టి కడుగుతారు. ఐసు నీళ్లు, రొయ్య మీసాలు, పొట్టు కాలువలోకి పోయి అక్కడే కుళ్లుతాయి. ఈగలతో అన్నం తినలేం, ఎండాకాలమైనా కిటికీ తెరవలేం. చెత్త బండి మా దాకా రావడం మానేసింది. స్కూల్ వ్యాన్ వీధి చివర ఆగితే చిన్నపిల్లలు కంటైనర్ వెనక నుంచి నడిచి వెళ్తున్నారు. రివర్స్ తీసే డ్రైవర్‌కు ఆ ఎత్తు పిల్లలు అద్దంలో కనపడరు. ఈ మాట డ్రైవర్‌గా చెప్తున్నాను. ఆ పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు టెన్షన్. రాత్రి 1 గంటకు స్టార్ట్ చేసి బ్రేకులకు ఎయిర్ ఎక్కేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచుతారు, ఉంచక తప్పదు. ఆ పని చేసేది నిద్రపోతున్న మనుషుల తలల పక్కన.

చట్టం మీకు నేను చెప్పేంతవాణ్ణి కాదు. మా కాలనీలో ఒక లాయర్ గారు విడమరిచి చెబితే తెలుసుకున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 122 ఇతరులకు అడ్డంగా, ప్రమాదకరంగా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదంటోంది. సెక్షన్ 127 ప్రకారం 10 గంటలు, అంతకుమించి వదిలేసి ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని లాగించి తీయించవచ్చు, ఆ ఖర్చు యజమానిదే. మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 1 దాకా వేళ్ల మీద లెక్కపెట్టినా 10 గంటలు. పట్టుబడి లేని రోజుల్లో అయితే పగలూ రాత్రీ కదలవు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 దారికి అడ్డం కల్పిస్తే 5,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటోంది. శబ్దం గురించి 2000 సంవత్సరపు నిబంధనలున్నాయి. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. వీటన్నిటికంటే నన్ను నిలబెట్టింది ఇంకోటి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద బహిరంగ దారిలోని అడ్డును తొలగించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు ఉంది. అంటే మీకే ఉంది సార్. ఆర్డీవో గారికీ ఉంది. ఇంత అధికారం ఉండగా 82 ఏళ్ల మనిషిని స్ట్రెచర్ వంచి మోసుకెళ్లాల్సిన గతి మాకెందుకు?

ఎదురింటాయన పక్షాన ఒక మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఊరి బయట బండ్లు పెడితే బ్యాటరీలు, డీజిల్ పోతాయని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. ఆయన దగ్గర పది మంది కుర్రాళ్లు బతుకుతున్నారు, వాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. ఈ జిల్లాలో రొయ్య మీద ఎన్ని ఇళ్లు నడుస్తున్నాయో నాకు తెలుసు. లైట్లు, కాపలా మనిషి, బండ్లు కడిగిన నీళ్లు పోయే సరైన కాలువ ఉన్న ఒక స్టాండు బైపాస్ వైపు చూపించి, నెలకు ఇంత అని ఫీజు పెట్టండి. ఇస్తారు. ఇవ్వనంటే అప్పుడు చట్టం ఎలాగూ ఉంది. వ్యాపారం ఆయనది, లాభం ఆయనది, బండి నిలిపే చోటు మాత్రం మాది కావడం ఏ లెక్కన న్యాయం?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీరు గానీ, మీరు పంపిన బాధ్యత గల అధికారి గానీ ఒక్కసారి రాత్రిపూట మా వీధికి రావాలి. పొద్దున 11 గంటలకు కాదు. రాత్రి 10కి గానీ, 1 గంటకు గానీ. ముందుగా ఎవరికీ చెప్పకుండా రావాలి. ఇంకొకటి, అర్జీ పెట్టిన మనిషికి ఫోన్ చేసి, సమస్య తీరిందా అని అడిగి, తీరింది అంటేనే ఆ అర్జీ మూసేయమని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. నాకు ఐదుసార్లు మెసేజ్ వచ్చింది, ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు. మా వీధిలో పెద్ద బండ్లు నిలపకూడదని బోర్డు పెట్టించండి. వీధిలో బండ్లు కడగడం ఆపించండి. దయచేసి ఈ ఆరో అర్జీని కూడా మళ్లీ అదే కార్యాలయానికి, అదే సిబ్బందికి పంపకండి.

వచ్చే వారం అమ్మను డాక్టర్ చెకప్‌కు తీసుకెళ్లాలి. మధ్యాహ్నం 4 గంటలకు రమ్మన్నారు. ఆ టైముకు బండ్లు వచ్చేసి ఉంటాయి. ఆటో గేటు దాకా రాదు, వీల్‌చైర్‌లో వీధి చివరిదాకా తోసుకుపోవాలి. ట్రేలు పక్కకు జరపడానికి పక్కింటి కుర్రాణ్ణి ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.

ఐదు రసీదుల నకళ్లు, కొలతల కాగితం, వారం రోజుల పాటు గంట గంటకూ తీసిన ఫోటోలు ఈ లేఖతో పాటు మీ కార్యాలయంలో ఇస్తున్నాను.

ఇట్లు
విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
నెల్లూరు