తెలుగులో రాసినందుకు రెట్టింపు రుసుమా? కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. డీఎల్‌టీ, హెడర్లు, టెంప్లేట్లు, స్క్రబ్బింగ్ అంటే ఏమిటో మీకు చెప్పే సాహసం చేయం. ఈ లేఖ చదివే మిగతావారి కోసం ఒక్క మాట: మేం సంస్థల తరఫున బల్క్ ఎస్ఎంఎస్‌లు పంపే చిన్న టెలిమార్కెటర్లం. డీఎల్‌టీ అంటే అలాంటి మెసేజ్‌ల నమోదు వ్యవస్థ, హెడర్ అంటే పంపినవారి గుర్తింపు పేరు, టెంప్లేట్ అంటే ముందే ఆమోదం పొందిన మెసేజ్ నమూనా, స్క్రబ్బింగ్ అంటే పంపే మెసేజ్‌ని ఆ నమోదుతో సరిపోల్చి వడకట్టడం. టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2018 నిబంధనల నుంచి 2024లో వచ్చిన, ముందే నమోదు చేసిన లింకులే పెట్టాలన్న వైట్‌లిస్టింగ్ వరకు, పంపినవాడి నుంచి అందుకున్నవాడి దాకా గొలుసు చూపించాలన్న ఆదేశం వరకు, వచ్చిన ప్రతిదానికీ సర్దుకుంటూనే ఉన్నాం. మోసపు మెసేజ్‌లు ఆగాలని మాకూ ఉంది. ఈ లేఖ ఒక్క సంగతి గురించే. తెలుగు లిపిలో ఒక బిజినెస్ మెసేజ్ పంపడం గురించి. వినతిపత్రాల్లో రాశాం, పోర్టళ్లలో టికెట్లు పెట్టాం. టికెట్లన్నీ పరిష్కారమైనట్టు చూపించి మూసేశారు. సమస్య మాత్రం తెరిచే ఉంది.

ఈ మెసేజ్ చూడండి: “మీ విద్యుత్తు బిల్లు రూ.1,240. గడువు 15-06. గడువు దాటితే సరఫరా నిలిపివేస్తాం.”

చదవడానికి ఒక్క ఊపిరి చాలు. యంత్రం లెక్కలో మాత్రం ఇది 77 క్యారెక్టర్లు. గుణింతపు గుర్తుకు ఒకటి, సున్నకు ఒకటి, ఒత్తుకు రెండు. ‘విద్యుత్తు’ మనకు మూడు అక్షరాలు, యంత్రానికి 10. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, యంత్రానికి 6. యూనికోడ్ మెసేజ్, అంటే తెలుగు లాంటి లిపుల్లో రాసినది, 70 దాటితే ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున. అంటే పై మెసేజ్‌కి రెండు మెసేజ్‌ల డబ్బులు. సంస్థ పేరు టెంప్లేట్‌లో ఉండి తీరాలి, కనెక్షన్ నంబరు లేకపోతే ఏ బిల్లో తెలియదు, ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వాలి. అవన్నీ చేర్చితే 134 దాటడం ఎంతసేపు? అక్కడ మూడో ముక్క మొదలు. ఇదే సంగతి ఇంగ్లీషులో రాస్తే 160లో హాయిగా ఇమిడిపోతుంది, ఒక్క మెసేజ్ కిందే లెక్క. (ఆ ఇంగ్లీషు మెసేజ్‌లో ‘రూ.’ బదులు మన దేశపు రూపాయి గుర్తు పెట్టి చూడండి. ఆ గుర్తు ఇంగ్లీషు మెసేజ్‌లు వాడే 7 బిట్ల అక్షరాల పట్టికలో లేదు కాబట్టి 160 కాస్తా 70కి పడిపోతుంది. సొంత కరెన్సీ గుర్తు వాడినందుకు జరిమానా!)

డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. ముక్కలు వేటికవే ప్రయాణిస్తాయి. ముక్కల్ని కలిపి చూపించలేని పాత ఫోన్లో పై మెసేజ్ మొదటి భాగం “సరఫరా నిలి” దగ్గర ఆగిపోతుంది. “పివేస్తాం” అని ఇంకొకటి వస్తుంది, వస్తే. రాకపోయినా మా ఖాతాలో రెండూ కోత పడతాయి.

ఇక టెంప్లేట్ సరిపోల్చడం. రిజిస్టర్ చేసిన పాఠానికీ పంపిన పాఠానికీ ఒక్క క్యారెక్టర్ తేడా ఉన్నా స్క్రబ్బింగ్‌లో మెసేజ్ పోతుంది. సరే, నియమం నియమమే. కానీ తెలుగులో కంటికి ఒకేలా కనబడేవి యంత్రానికి వేరువేరు. ‘పైన’లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయవచ్చు, రెండు కోడ్ల జంటగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, సరిపోల్చేటప్పుడు మాత్రం కావు. ‘ఫోన్‌లో’ అని రాస్తే నకారపొల్లు తర్వాత కనిపించని జోడింపు నిరోధక గుర్తు ఒకటి కూర్చుంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, మరొకటి పెట్టదు. ఎక్సెల్ నుంచి కాపీ చేస్తే ఉంటుంది, మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ శుభ్రం చేస్తే పోతుంది. పూర్ణానుస్వారానికీ తెలుగు అంకెల సున్నాకూ తేడా కనిపెట్టాలంటే భూతద్దం కావాలి. డీటీపీ ఫాంటులో టైపు చేసి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చిన పాఠమైతే ఇలాంటివి పంక్తికొకటి. మెసేజ్ ఎందుకు పోయిందని అడిగితే వచ్చే జవాబు ‘టెంప్లేట్ సరిపోలలేదు’. ఎక్కడ సరిపోలలేదో చెప్పరు. ఒక్కో కోడ్ విడదీసి చూసుకోవలసింది మేమే. దొరికాక దిద్దుదామంటే ఆమోదం పొందిన టెంప్లేట్ దిద్దడానికి లేదు. కొత్తది పెట్టాలి, మళ్లీ ఆమోదం, మళ్లీ 19 అంకెల కొత్త ఐడీ, పంపే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ మార్పు. ఇదంతా కనిపించని ఒక గుర్తు కోసం.

వేరియబుల్ (టెంప్లేట్‌లో పేరు, మొత్తం లాంటివి నింపే ఖాళీ) సంగతి ఇంకా చిత్రం. మొదట్నుంచీ మాకు చెబుతూ వచ్చిన హద్దు 30 క్యారెక్టర్లు. ‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ’ అనే జిల్లా పేరు ఇంగ్లీషులో రాస్తే ఖాళీలు, చుక్కలతో కలిపి 27, లోపలే ఉంటుంది. తెలుగులో 32. అంటే ఆ హద్దు ప్రకారం ఒక తెలుగు జిల్లా పేరు ఇంగ్లీషులోనైతే చెల్లుతుంది, తెలుగులో చెల్లదు! పక్కపక్కన రెండు వేరియబుల్స్ పెట్టి గట్టెక్కుదామంటే వేరియబుల్స్ ఎక్కువయ్యాయని తిరస్కరిస్తారు. ఆ తిరస్కరించేవారికి తెలుగు చదవడం వచ్చా అన్న అనుమానం మాకు చాలాసార్లు వచ్చింది. తప్పయితే మన్నించండి.

మరి మా వ్యాపారాలు ఎలా సర్దుకుంటున్నాయంటారా? డబ్బున్న ఖాతాదారులు వాట్సాప్‌కీ ఆర్‌సీఎస్‌కీ (ఇంటర్నెట్ మీద నడిచే మరో మెసేజింగ్ పద్ధతి) వెళ్లిపోతున్నారు. వాట్సాప్ టెంప్లేట్‌లో 1,024 క్యారెక్టర్ల దాకా రాసుకోవచ్చు, అక్కడ తెలుగుకు జరిమానా లేదు. కాకపోతే దానికి స్మార్ట్‌ఫోనూ ఇంటర్నెట్టూ ఉండాలి. మీటల ఫోను వాడే మనిషికి ఎస్ఎంఎస్ తప్ప దిక్కులేదు. ఆయన కోసమని మిగిలిన ఖాతాదారులు ఇంగ్లీషులో పంపుతున్నారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి 160లో ఇరికిస్తున్నారు. ఆ రాతలో ‘మందు’, ‘మండు’ ఒకటే. ఆస్పత్రి మెసేజ్‌లో అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. హెడర్ చివర పీ, ఎస్, టీ, జీ (ప్రచారం, సేవ, లావాదేవీ, ప్రభుత్వం) అని తగిలించి జనానికి స్పష్టత ఇచ్చామన్నారు, సంతోషం. లోపలి మెసేజ్ ఆ జనానికి చదవడం వస్తుందో లేదో కూడా చూడాలి కదా.

దారి లేదా అంటే ఉంది, అదే బాధ. జీఎస్ఎం అక్షర ప్రమాణంలోనే (3జీపీపీ 23.038) తెలుగుకు 7 బిట్ల పట్టిక ఉంది. హిందీకి, తమిళానికి, కన్నడకూ ఉంది. దాన్ని వాడితే ఒక మెసేజ్‌లో 155 క్యారెక్టర్ల వరకు పడతాయి, మొదట చూపిన 77 అందులో సగం. ఆ పట్టిక కాగితం మీదే ఉండిపోయింది. ఆపరేటర్ల మెసేజ్ సెంటర్లూ ఫోన్లూ రెండూ దాన్ని అర్థం చేసుకుంటేనే పనిచేస్తుంది, లేకపోతే ఫోన్లో చెత్త కనిపిస్తుంది. 22 భాషలు తెర మీద కనిపించాలని ఐఎస్ 16333 ప్రమాణంతో ఫోన్ల కంపెనీలకు చెప్పగలిగిన ప్రభుత్వం ఈ ఒక్క పట్టిక కూడా పెట్టమని ఎందుకు చెప్పలేదో మాకు అర్థం కాదు.

అది సంవత్సరాల పని అంటారు. ఒప్పుకుంటాం, పాత ఫోన్లు ఒక్కరోజులో మారవు. కానీ లెక్కకు సంవత్సరాలు అక్కర్లేదు. మెసేజ్‌కి 5 పైసల వరకు అని ఆపరేటర్ల మధ్య రుసుముకు హద్దు పెట్టారే, అది మెసేజ్‌కా, ముక్కకా? భారతీయ భాషల మెసేజ్‌ని ముక్కలతో నిమిత్తం లేకుండా ఒక్కటిగా లెక్కించమని ఒక్క ఆదేశం చాలు. టెంప్లేట్ సరిపోల్చే ముందు రెండు పాఠాల్నీ ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చి, కనిపించని గుర్తుల్ని పక్కన పెట్టమనండి, ప్రోగ్రామరుకు ఒక పూట పని. వేరియబుల్ హద్దును క్యారెక్టర్లలో కాక అక్షరాల్లో కొలవమనండి. తెలుగు టెంప్లేట్ తెలుగు వచ్చినవారి చేతికి వెళ్లాలి. తిరస్కరిస్తే ఏ పదం దగ్గరో చెప్పాలి.

2021 మార్చి 8న స్క్రబ్బింగ్ మొదలై బ్యాంకుల ఓటీపీలు ఆగిపోతే, మర్నాడే దాన్ని వారం పాటు నిలిపేశారు. ఒక్క రోజులో! అంత వేగం మీ వ్యవస్థకు ఉందని అప్పుడే తెలిసింది. తెలుగు మెసేజ్‌లు రోజూ ఆగుతున్నాయి అయ్యా. ఓటీపీలు కావు కాబట్టి గోల వినబడటం లేదు, అంతే.

జవాబు ఇస్తారని ఇంకా ఆశపడుతున్నాం. తెలుగులోనే ఇవ్వాలన్న పట్టింపు లేదు. ఎస్ఎంఎస్‌లో ఇచ్చేట్టయితే మాత్రం 70 దాటకుండా చూసుకోండి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల్లో బల్క్ ఎస్ఎంఎస్ సేవలందించే చిన్న టెలిమార్కెటర్లు