జనవరి ప్యాకేజీని జులైలో అమ్మితే...

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో అండమాన్ ప్యాకేజీ ప్రకటన చూశాను. తెల్లటి ఇసుక, పచ్చలు కరిగించి పోసినట్టున్న నీళ్లు, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘జులై, ఆగస్టు నెలలకు ప్రత్యేక రాయితీ’ అని ఉంది. ఆ ఫొటో జులైలో తీసింది కాదని ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. పోయిన ఏడాది జులైలో నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. ఆరు రోజులకని వెళ్లి ఎనిమిది రోజులు ఉన్నాం. ఆ రెండు రోజులు ఎందుకు పెరిగాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి ఒక ముక్క. నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం పొద్దున ఎనిమిదిన్నరకు రెయిన్ గేజ్ దగ్గర నిలబడటమే నా ఉద్యోగం. రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే దాన్ని వాన పడిన రోజు అంటారు. అరవై నాలుగున్నర దాటితే భారీ వర్షం. ఈ లెక్కలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందుకే మా అబ్బాయి ‘జులైలో ఎవరైనా అండమాన్ వెళ్తారా నాన్నా’ అంటే మా ఆవిడ నవ్వేసింది. ‘మీ నాన్న వాన చూసి భయపడే మనిషా’ అంది. నిజమే, భయపడలేదు. భయపడాల్సింది వానకు కాదని అప్పటికి నాకు తెలీదు.

అండమాన్‌లో నైరుతి రుతుపవనాలు మన కంటే ముందే, మే మూడో నాలుగో వారంలోనే దిగుతాయి. అవి వెళ్లాక ఈశాన్య రుతుపవనాలు కూడా తడుపుతాయి. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్లు, అంటే మనకు ఏడాదంతా పడేదానికి మూడింతలు. ఈ లెక్క తెలిసే వెళ్లాను. అయితే అక్కడి వాన పద్ధతి వేరు. ముందు ఉక్కపోయడం, మబ్బు పట్టడం, ఉరమడం, అప్పుడు చినుకు... అలాంటి వరసేమీ లేదు. ఎండ కాస్తుండగానే కొండ వెనక నుంచి దిగిపోతుంది. గొడుగు తెరిచేలోపు మోకాళ్ల దాకా తడుస్తాం. పావుగంటలో వెలిసిపోతుంది. చొక్కా ఆరకముందే మళ్లీ మొదలు.

ఒక రాత్రి మాత్రం ఆగకుండా కొట్టింది. హోటల్ గదిలోని స్టీలు గ్లాసు బాల్కనీ గోడ మీద పెట్టి, గాలికి పడకుండా తాడుతో కట్టి, మా ఆవిడ జడపిన్నులతో బిగించాను. అడుగూ అంచూ ఒకే వెడల్పు ఉన్న గ్లాసైతేనే లెక్క సరిగా వస్తుంది, పైన వెడల్పుగా ఉంటే తప్పు చూపిస్తుంది. పొద్దున స్కేలు పెట్టి చూస్తే తొమ్మిది సెంటీమీటర్లు. అంటే తొంభై మిల్లీమీటర్లు, భారీ వర్షం. ఉద్యోగంలో ఉండగా ఆ అంకె వస్తే పై ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్. ఇక్కడేమో కింద వీధిలో పిల్లలు రెయిన్‌కోట్లు వేసుకుని మామూలుగా బడికి పోతున్నారు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా కారు డ్రైవరు నోట మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే. తాత కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబం అతనిది. మా చేతిలో ప్యాకేజీ కాగితం తీసుకుని చదివి పకపకా నవ్వాడు. ‘బాబుగారూ, ఈ కాలంలో జాలీబాయ్ మూసేస్తారు కదండీ, వీళ్లెలా రాశారు?’ అన్నాడు. వండూరు దగ్గర సముద్రపు జాతీయ పార్కులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అని రెండు చిన్న దీవులున్నాయి. పగడాలకు విశ్రాంతి ఇవ్వాలని ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి, కొన్ని నెలలు ఇంకొకటి తెరుస్తారు. వానాకాలం రెడ్‌స్కిన్ వంతు. సముద్రం బాగోకపోతే అదీ లేదు. మా కాగితంలో రెండో రోజు గడిలో ‘జాలీబాయ్, స్నార్కెలింగ్, గ్లాస్ బాటమ్ బోటు’ అని రంగుల్లో ఉంది. జనవరికి తయారుచేసిన కాగితం మీద తారీఖులు మార్చి మాకు అమ్మారని అప్పుడు అర్థమైంది. ఏజెన్సీ పేరు రాయను. ఆ ఒక్కరే అలా చేస్తున్నారని నేను అనుకోవడం లేదు.

పోయింది పోనీ అని ఆ పూట సెల్యులర్ జైలుకు వెళ్లాం. ఇది మాత్రం వానలోనే చూడాలంటాను. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. గదులు వరసగా ఉన్న ఏడు బారుల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక బారులోని గదుల ముందు భాగానికి ఎదురుగా పక్క బారు వీపు కనిపిస్తుంది. ఒక ఖైదీ మొహం ఇంకో ఖైదీకి కనబడకూడదని అలా కట్టారు. సీజన్‌లో సెల్ఫీల రద్దీలో ఇది తోచదట. ఆ రోజు వరండా పొడుగునా మేమిద్దరమే. చూరు నుంచి నీళ్ల ధార, ఎదురుగా గోడ, అంతే. ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. కిటికీ నా తలకంటే చాలా పైన ఉంది, అందులోంచి వాన చప్పుడు వస్తుంది గానీ వాన కనబడదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లోనే ఉన్నారని మా ఆవిడకు చెబితే, ఆమె ఏమీ అనకుండా గుమ్మం బయటే నిలబడింది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో వాన వల్ల రద్దు. నాకు కొరత అనిపించలేదు.

మూడో రోజు బోటులో హేవ్‌లాక్ దీవికి వెళ్లాం. దీనికీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. బోటు ఊగిన ఊపుకు సగం మంది కవర్లు పట్టుకున్నారు, మా ఆవిడతో సహా. రాధానగర్ బీచ్‌కు వెళ్తే ఎర్రజెండా ఎగురుతోంది. కాలు తడుపుకుందామని నాలుగడుగులు వేస్తే లైఫ్‌గార్డు విజిల్ ఊదాడు. ఆ బీచ్ పడమటి వైపు ఉంది. నైరుతి గాలి ఎత్తిన అలలు నేరుగా వచ్చి అక్కడే కొడతాయి. దీవికి తూర్పున ఉన్న కాలాపత్తర్ వైపు వెళ్తే అదే రోజు, అదే గంటలో, నీళ్లు చెరువులా ఉన్నాయి. దీవే ఆ పక్కకు గాలి తగలకుండా అడ్డు నిలబడింది. ఈ చిన్న సంగతి చెప్పడానికి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు, బీచ్ దగ్గర కొబ్బరిబోండాలు కొట్టే అతను చెప్పాడు. మా ప్యాకేజీలో మాత్రం మూడు పూటలూ రాధానగరే.

ఎలిఫెంట్ బీచ్‌కు బోట్లు ఆపేశారు. అడవి దారిన నడిచి వెళ్లొచ్చుగానీ, బురద, జలగలు, వద్దని గైడే చెప్పాడు. ఆరింటికల్లా చీకటి. మన గడియారమే వాళ్లకూ, సూర్యుడు మాత్రం వాళ్లకు నలభై నిమిషాలు ముందు. ఏమీ చేయకుండా రెండు రోజులు గడిచాయి. వరండాలో కూర్చుని వాన చూడటం, ఆగితే నడవడం, తడిస్తే రావడం. ముప్పై ఏళ్ల సంసారంలో మేమిద్దరం అంతసేపు పని లేకుండా ఒకచోట కూర్చున్నది అదే మొదటిసారి. వాన వల్ల యాత్ర పాడైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పాడైంది ఆరో రోజు. కాగితం ప్రకారం పొద్దున హేవ్‌లాక్‌లో బోటు, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటికి విమానం. తెల్లవారి జెట్టీకి వెళ్తే గేటు మూసి ఉంది. చినుకు కూడా లేదు. పైన నీలం ఆకాశం కూడా అక్కడక్కడా కనిపిస్తోంది. మా ఆవిడ ‘వాన లేదు కదా, ఎందుకు ఆపారు?’ అంది. గాలి ఎక్కువగా ఉందనీ, రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారనీ, ఈ రోజు బోట్లు లేవనీ గేటు దగ్గర చెప్పారు. మర్నాడూ లేవు. విమానం మేము లేకుండానే వెళ్లిపోయింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ‘ప్రకృతి మన చేతుల్లో ఉండదు కదా సార్’ అన్నాడు. ఆ మాట నిజమే. బోటూ విమానమూ ఒకే రోజు పెట్టడం మాత్రం ప్రకృతి పని కాదు, అతని పనే. కొత్త టికెట్లు మా జేబులోంచే. మాతో పాటు ఇరుక్కున్న కొత్త దంపతుల్లో ఆ అమ్మాయికి మర్నాడు ఉద్యోగంలో చేరాల్సిన రోజు. జెట్టీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుంది. ఎనిమిదో రోజు పొద్దున మొదటి బోటు దొరికింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. బయల్దేరడానికి మూడు రోజుల ముందు మీ పత్రికలోనే వాతావరణ వార్త చదివాను. ‘అండమాన్ సముద్రంలో గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు, అలల ఉధృతి, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ చదివి పేజీ తిప్పాను. నేను మత్స్యకారుణ్ణి కాదు కదా! ఆ మూడు రోజులకు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడుతుందో మాత్రం శ్రద్ధగా చూసుకున్నాను. జీవితమంతా వాన కొలిచినవాడికి గాలి గురించి ఆలోచన రాలేదు. దీవికి వెళ్లేవాడికి వాన ఇబ్బంది మాత్రమే, గాలి అయితే దారే మూసేస్తుంది.

ఇది వానాకాలం సంగతి మాత్రమే అనుకోవద్దు. 2016 డిసెంబరులో, అంటే సీజన్ నడిమధ్యలో, తుపాను గాలులకు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది టూరిస్టులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో. తేడా అల్లా, జులైలో గాలి ఏ తుపానూ లేకుండానే తరచూ లేస్తుంది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీ యాత్రల పేజీలో ఎక్కడికి వెళ్లాలి, ఏం తినాలి అని రాస్తారు కదా, ఆ దీవులకు వెళ్లేవాళ్లు మత్స్యకారుల హెచ్చరిక కూడా చదవాలని ఒక వాక్యం రాయండి. సముద్రం స్థితి, అలల ఎత్తు ముందుగా చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, అండమాన్ తీరానికి కూడా చెబుతుంది. ఆ నాలుగు అంకెలు వాతావరణం గడిలో వేస్తే ఎంత చోటు పడుతుంది? ఇక వానాకాలం ప్యాకేజీలు అమ్మేవాళ్లు బోటు రద్దయితే గది ఖర్చు ఎవరిది, టికెట్టు ఎవరిదని డబ్బు తీసుకునే ముందే కాగితం మీద రాయాలి. చివరి రెండు రాత్రులూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేట్టు చూడాలి. దీవులు ముందు, పోర్ట్ బ్లెయిర్ తర్వాత. ఈ వరస మార్చడానికి వాళ్లకు పైసా ఖర్చు లేదు.

ఆ కాలంలో వెళ్లొద్దని మాత్రం రాయకండి. మా డ్రైవరుకు ఆ నెలలో మేము మూడో బేరమట.

మేమూ ఈ ఆగస్టులో మళ్లీ వెళ్తున్నాం. ఏజెన్సీ లేదు. మా ఆవిడే నోటుపుస్తకంలో గడులు గీసింది. రాధానగర్ ఒక్క పూట, కాలాపత్తర్ రెండు. చివరి రెండు గడుల్లో ఏమీ రాయలేదు. స్టీలు గ్లాసు ఈసారి ఇంటి నుంచే పట్టుకెళ్తున్నాను. అడుగూ అంచూ ఒకే వెడల్పు ఉన్నది వంటింట్లో ఒకటే ఉంది. అది నాకివ్వడానికి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి