కావి చిప్ప కింద పెట్టేసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మా అమ్మ కుడి కంటికి ఏ హానీ జరగలేదంటే, అందుకు నేను మొదట దండం పెట్టవలసింది తిరుచానూరు దారిలో కుండలు చేసుకునే ఒక పెద్దాయనకు. అమ్మకు 68 ఏళ్లు, పైగా షుగరు. నుదుటి కుడి సగంలో మంట, సూదులతో పొడిచినట్టు నొప్పి మొదలైనప్పుడు మామూలు తలనొప్పే అనుకున్నాము. మొదట చూపించిన చోట కూడా నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. మూడోనాడు ఎర్రగా కంది, నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. మా ఇళ్లలో దీన్ని అక్కి అంటారు, సర్పి అనేవారూ ఉన్నారు. కావిమన్నుతో బొమ్మ రాయిస్తే తగ్గుతుందని అమ్మ పట్టుబట్టడంతో మరునాడు ఆయన దగ్గరికే తీసుకువెళ్లాము.

ఆయన కావి కలిపిన చిప్ప పట్టుకుని, అమ్మ గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు కొసన లేచిన ఒకే ఒక్క పొక్కును చూసి, చిప్ప కింద పెట్టేశారు. "కంటికాడికి వచ్చేసిందమ్మా, ముందు పెద్దాసుపత్రికి పోండి, బొమ్మ యాడికీ పోదు" అన్నారు. డబ్బు ముట్టుకోలేదు.

రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యురాలు కూడా ముందుగా ఆ పొక్కునే చూశారు. ముక్కు కొసకూ కంటికీ వెళ్లేది ఒకే నరం శాఖ కనుక అది ప్రమాద సూచన అని చెప్పి, ఆ రోజే కంటి పరీక్ష చేయించారు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరాల మూలాల్లో దాగి ఉండి, వయసు మీరాక ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఇలా ఒక పక్కనే బయటపడుతుందట. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు ఎక్కువని, మూత్రపిండాల పరీక్ష చేయించి, అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు 5 చొప్పున 7 రోజులు రాశారు. అమ్మకు చదువు రాదని తెలిసి, మందుల చీటీ వెనక 6, 10, 2, 6, 10 గంటలకు ఐదు గడియారాలు గీసి ఇచ్చిన నర్సు గారికి ప్రత్యేక నమస్కారం.

పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి ఉండవచ్చని ముందే చెప్పారు. అమ్మకు ఇప్పటికీ రాత్రిళ్లు కొంచెం సలుపు ఉంది, దానికి వేరే మాత్ర వాడుతున్నాము. పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ వస్తుందని, అవి చెక్కు కట్టేదాకా మా చెల్లెలి పసిబిడ్డను అమ్మ ఒళ్లో పెట్టలేదు. అమ్మకు ఈ మాట మింగుడు పడలేదు, అది వేరే సంగతి. 50 దాటినవారికి దీనికి టీకా ఉందని కూడా అక్కడే తెలిసింది. 2 నుంచి 6 నెలల ఎడంతో 2 డోసులు. ఖరీదు ఎక్కువే అయినా నాన్నకు మొదటిది వేయించాము.

నిన్న అమ్మ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి రెండు కుండలు కొన్నది. ఈసారి డబ్బు తీసుకున్నారు.