మరమ్మతు తరువాత చెడితే బాధ్యత ఎవరిది?

సంపాదకులకు,

అయ్యా,

మరమ్మతు చేయించిన కొద్ది రోజులకే కారు మళ్లీ మొరాయిస్తే, "మా దగ్గర నుంచి వెళ్లినప్పుడు బండి బాగానే ఉంది" అన్న ఒక్క మాటతో మెకానిక్ చేతులు దులుపుకుంటారు. దాన్ని కాదనడానికి యజమాని దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు.

నేను వాటర్ పంపు (ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ అనే ద్రవాన్ని తిప్పే పంపు) మార్పించిన కారు వారం తిరగకముందే వేడెక్కి ఆగిపోయింది. పంపు మార్చి కూలెంట్ నింపేటప్పుడు లోపల చిక్కుకున్న గాలిని పూర్తిగా తీసేయాలి. గాలి మిగిలిపోతే కూలెంట్ సరిగా తిరగదు. పైగా ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ఆ గాలిలోనే ఉండిపోతే, మీటరు ముల్లు మామూలుగానే కనిపిస్తూ ఇంజిన్ పైభాగమైన హెడ్ మాత్రం మాడిపోతూ ఉండవచ్చు. అల్యూమినియం హెడ్ వంగితే దాని కింద లీకు కాకుండా ఆపే గ్యాస్కెట్ పొర పోయి కూలెంట్ ఇంజిన్ ఆయిల్‌లో కలవవచ్చు. నా బండి ఆయిల్ మూత తీసి చూస్తే, దాని లోపలి వైపు పాలు కలిపిన కాఫీ రంగులో జిడ్డు పేరుకుని ఉంది. అయినా "పాత బండి, గ్యాస్కెట్ ఎప్పుడైనా పోవచ్చు, నేను చేసింది పంపు పనే" అన్నారు మెకానిక్.

ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. పాత గ్యాస్కెట్ దానంతటదే పోవచ్చు. ముల్లు ఎర్ర గీత దాటినా బండి ఆపని యజమానులు లేకపోలేదు, ఆ నష్టాన్ని మెకానిక్ నెత్తిన రుద్దడం అన్యాయం. కానీ గాలి తీశారా, ఫ్యాను తిరిగేదాకా ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచి చూశారా, చల్లారాక కూలెంట్ మట్టం మళ్లీ సరిచూశారా అన్నది ఎక్కడా రాసి లేదు. బిల్లులో ఉన్నవి పంపు, లేబరు అన్న రెండు మాటలే.

వేరే చోట విప్పించి చూపిద్దామంటే "మరొకరు చెయ్యి పెట్టాక నాకు సంబంధం లేదు" అంటారు, విప్పించకపోతే రుజువు దొరకదు. రెండో మెకానిక్ నోటితో ఎంతైనా చెబుతారు గానీ, అదే సంగతి రాసివ్వమంటే తోటి పనివాడి మీద రాయడానికి వెనకాడతారు (ఆ మొహమాటం అర్థం చేసుకోదగినదే). అందుకే ముందుగా మొదటి మెకానిక్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వీలైతే ఆయన సమక్షంలోనే విప్పించి, ఒక్కో దశకూ ఫొటోలు తీసుకోవడం మేలు.

పంపు తయారీదారు ఇచ్చే వారంటీ పంపుకే గానీ దాన్ని బిగించిన పనికి కాదన్న సంగతి చాలామందికి గొడవ వచ్చాకే తెలుస్తోంది. చేసిన పనికి గడువెంత, ఆ పని లోపం వల్ల మరో భాగం చెడితే ఖర్చు ఎవరిది, అప్పగించే ముందు ఏమేం పరీక్షించారు అన్నవి జాబ్ కార్డులోనే (బండికి చేసే పని వివరాలు రాసే కాగితంలోనే) రాసి, ఇద్దరూ సంతకం చేసి, తీసేసిన పాత భాగాన్ని యజమానికి అప్పగించే పద్ధతిని మెకానిక్‌ల సంఘాలు తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు